ఆరో వరుస, ఎనిమిదో కుర్చీ

"మళ్ళీ సున్నానేనా?" పక్క సీటు అక్క కుర్చీ ఇటు జరుపుకుని అడిగింది.

"సున్నానే అక్కా. ఆరో వరుస, ఎనిమిదో కుర్చీ. మిగతావన్నీ నిండాయి. ఇదొక్కటే మొండికేసింది."

కొత్తమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. సోమవారం ఆఫీసు పై అంతస్తుకి మారుతోంది. నలభై ఎనిమిది మందికి నలభై ఎనిమిది కుర్చీలు. ఏ ఉద్యోగి నంబరు ఎక్కడో పట్టిక వేసే ప్రోగ్రాం మేనేజరు ఆమెకిచ్చాడు. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేసే లూపులు అందులో రెండు: బయటి లూపు ఆరు వరుసలు వెయ్యాలి, దాని లోపలి లూపు వరుసకి ఎనిమిది కుర్చీలు నింపాలి. ఖాళీగా మిగిలిన కుర్చీలో సున్నా పడుతుంది. ఆమె ప్రొబేషన్ ఇవాళ్టితో సరి. అయిదింటికల్లా ఇది తప్పు లేకుండా ఇస్తే ఉద్యోగం ఖాయమని ఆమె ఆశ. పొద్దున్న వాళ్ళమ్మకి అలాగే చెప్పి వచ్చింది కూడా.

"నీ లూపు ఒకటి ముందే ఆగిపోతోందేమో చూడవే, ఒకటి తక్కువమ్మా!" అక్క కిసుక్కున నవ్వింది.

చేరిన కొత్తలో క్యాలెండరు ప్రోగ్రాంలో ముప్ఫై ఒకటో తారీఖుని ఎగరగొట్టేసింది లెండి. అప్పట్నుంచీ ఆ పేరు స్థిరపడిపోయింది.

పాపం, ఇదీ తన తప్పేననడంలో ఆమెకి రవ్వంత సందేహం కూడా లేదు. లోపలి లూపుని ఇంకో అడుగు నడిపించింది. తొమ్మిదో కుర్చీ పుట్టుకొచ్చింది. బయటి లూపుని నడిపించింది. ఏడో వరుస ఊడిపడింది. ఉన్న సున్నా చాలదన్నట్టు తెరనిండా సున్నాలే! గబగబా అన్నీ చెరిపి మళ్ళీ మొదటికొచ్చింది.

నాలుగున్నరకి, జాబితా పంపిన పర్సనెల్ విభాగానికి ఫోన్ చేసింది.

"జాబితా సరైనదేనా మేడమ్?"

"సరైనదేనమ్మా. మేనేజరుగారు చూశాకే పంపించాం." అవతల పెట్టేశారు.

ఇంతలో అమ్మ ఫోన్. "ఖాయమైందా తల్లీ?"

"అయిపోతోందమ్మా, ఒక్క కుర్చీ మిగిలింది," అంది.

ఇక లాభం లేదని సీనియర్‌ని బతిమాలి తీసుకొచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ప్రోగ్రాం అంతా చదివాడు.

"రెండు లూపులూ శుభ్రంగా రాశావు. తప్పేం లేదు."

"మరి సున్నా ఎందుకొస్తోంది సార్?"

"జాబితాలో ఎన్ని నంబర్లున్నాయో లెక్కపెట్టావా?"

ఆ ఆలోచనే రాలేదు. లెక్కపెట్టింది. నలభై ఏడు.

"హమ్మయ్య! తప్పు నాది కాదు సార్! ఎవర్నో మర్చిపోయారు. ఎవరో చెప్పండి, చిటికెలో చేర్చేస్తాను."

సీనియర్ కింది అంతస్తు కుర్చీల పాత జాబితా తెరిచి, ఒక్కో నంబరూ పోల్చుకుంటూ చివరిదాకా వచ్చి ఆగాడు.

లేని నంబరు ఆమె మెడలోని కార్డు మీద ఉంది.