ఐదో పిన్ను

"లోపలి నుంచి తాళం వేసుకున్న గది తలుపును బయటి నుంచి ఎలా తీయాలి? చప్పుడు కాకూడదు. దయచేసి తొందరగా చెప్పండి."

అప్పుడే చేరిన కొత్త నంబరు నుంచి వచ్చిన ఆ మెసేజ్ చూడగానే గ్రూపంతా భగ్గుమంది. సరదా కోసం తాళాలు విప్పేవాళ్ళ గ్రూపు అది. పాత తాళాలు కొనుక్కుని, తాళంచెవి లేకుండా సన్నటి కడ్డీలతో తీసి, ఎంతసేపట్లో తీశామో చెప్పుకుని మురిసిపోతుంటారు. వాళ్ళకున్న కట్టుబాట్లు రెండే. తనది కాని తాళం తీయకూడదు. వాడుకలో ఉన్న తాళం ముట్టుకోకూడదు.

"చప్పుడు కాకూడదట! పట్టపగలు ఎంత ధైర్యం?" అన్నాడొకడు.

"ఏ ఇంటికి కన్నం వేస్తున్నావు?" అన్నాడింకొకడు.

గ్రూపు నడిపేది కళ్ళద్దాలన్న. బజార్లో కళ్ళజోళ్ళు బాగుచేసే కొట్టు ఆయనది. చేతిలోని ఫ్రేము పక్కన పెట్టి, ఆ నంబరును తీసేయబోతుండగా ఇంకో మెసేజ్ వచ్చింది.

"దొంగను కాదు బాబూ. మా అబ్బాయి తొమ్మిది రోజులుగా గది దాటి రావట్లేదు. నేను నిద్రపోయాక తలుపు తీసి పళ్ళెం లోపలికి తీసుకునేవాడు. రెండు రోజులుగా అదీ లేదు. వడ్రంగిని పిలుస్తానంటే, తలుపు మీద దెబ్బ పడితే నన్ను మళ్ళీ చూడవని రాసి తలుపు కింద నుంచి చీటీ తోశాడు."

కళ్ళద్దాలన్న వేలు ఆగిపోయింది.

వెంటనే గ్రూపులో 'పిచ్చుక' అనే పేరుతో ఉన్నవాడి నుంచి విడిగా మెసేజ్. "అన్నా, ఆవిణ్ణి తీసెయ్. నమ్మొద్దు."

గ్రూపులో పిచ్చుకను మించినవాడు లేడు. మొహం ఎవరూ చూడలేదు. వీడియోల్లో కనిపించేవి వేళ్ళు మాత్రమే. మిగతావాళ్ళు వారమంతా తంటాలుపడ్డ తాళాన్ని వాడు టీ చల్లారేలోగా తీసేవాడు. కళ్ళద్దాలన్నకు ఈ విద్య ఓపిగ్గా నేర్పింది కూడా వాడే.

"తల్లినంటోంది తమ్ముడూ."

"ఎవరైనా అంటారు. పోనీ నిజమే అనుకో. లోపలున్నవాడు ఎవరూ రావొద్దనే కదా వేసుకున్నాడు? వాడుకలో ఉన్న తాళం ముట్టుకోవద్దని మా అందరితో ఒట్టేయించింది నువ్వే."

కళ్ళద్దాలన్న ఆవిడకు వీడియో కాల్ చేశాడు. అడగకముందే ఆవిడ తన గుర్తింపు కార్డు చూపించింది. ఇంటి కాగితాలు చూపించింది. తలుపు చూపించింది. గడప ముందు పళ్ళెంలో అన్నం ఎండి అట్టకట్టి ఉంది.

"చాలమ్మా, వస్తున్నాను" అన్నాడాయన.

కొట్టుకు తాళం వేస్తూ పిచ్చుకకు ఒక మాట రాశాడు: "వెళ్తున్నాను."

"వెళ్ళకన్నా."

మళ్ళీ, "వెళ్ళకన్నా."

ఫోను జేబులో పడేసుకున్నాడు.

మూడో అంతస్తు. ఆవిడ చెప్పులు లేకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి తలుపు తీసింది. ఇరుకు నడవా చివర ఆ గది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చిన్న సంచీ విప్పాడు.

"అబ్బాయి ఏం చేస్తుంటాడమ్మా?" అని గుసగుసగా అడిగాడు.

"నాకేం తెలుసు బాబూ? నాతో నోరు విప్పి ఆర్నెల్లయింది."

తాళం గట్టిదే. లోపల వరసగా ఉన్న ఐదు పిన్నులూ పైకి లేచి నిలబడితేనే అది తిరుగుతుంది. మొదటి మూడూ మాట విన్నాయి. నాలుగోది ఎత్తిన ప్రతిసారీ జారి, తనతోపాటు ఆ మూడింటినీ కింద పడేస్తోంది. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. చెమట కారి అద్దాలు మసకబారాయి. లోపల అలికిడి లేదు, కనీసం ఫ్యాను చప్పుడైనా లేదు. వెనక ఆవిడ చీరకొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని ఉంది.

ఆయన కడ్డీలు కింద పెట్టాడు. ఇలాంటప్పుడు అడగడానికి ఆయనకున్నది ఒక్కడే. ఫోను తీశాడు.

"తమ్ముడూ, నీకు కోపంగా ఉంటుందని తెలుసు. నాలుగో పిన్ను దగ్గర చిక్కుకుపోయాను. పగలగొడితే ఏమవుతుందోనని భయం. వెళ్ళిపోతే ఏమవుతుందోనని అంతకన్నా భయం. ఆ తల్లి ఏడవడానికి కూడా జంకుతోంది, చప్పుడవుతుందని. నాకేం తోచట్లేదు."

పిచ్చుక చదివాడు. ఏదో రాస్తున్నట్టు కనిపించింది. ఆగిపోయింది. మళ్ళీ రాస్తున్నాడు. మళ్ళీ ఆగిపోయింది. కింద వీధిలో ఏదో బండి స్టార్టయి, దూరంగా వెళ్ళిపోయేదాకా కళ్ళద్దాలన్న ఆ తెరనే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడొచ్చింది.

"నాలుగోదాన్ని వదిలెయ్. ముందు ఐదోది ఎత్తు. ఎడమ చెయ్యి బిగపట్టకు."

ఆయన ఎడమ చెయ్యి సడలించి ఐదోదాన్ని తాకాడు. అది పైకి లేచింది. దాని వెనకే నాలుగోదీ లేచింది. తాళం వెన్నంత మెత్తగా తిరిగింది.

తలుపు జానెడు తెరుచుకుంది. మూసిన గది వాసన గుప్పుమంది. ఆవిడ అడుగు వేయలేకపోయింది. రెండు చేతులూ జోడించి అక్కడే నిలబడిపోయింది. కళ్ళద్దాలన్నే తలుపును మెల్లగా నెట్టాడు.

తలుపు పక్కనే, గోడకు చేరగిలబడి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు ఒక కుర్రాడు. గడ్డం మాసిపోయింది. పెదాలు ఎండిపోయాయి. వెలుతురుకు కళ్ళు చికిలించి, ముందు తల్లి కాళ్ళను చూశాడు. తర్వాత మెల్లగా తలెత్తి కళ్ళద్దాలన్నను చూశాడు.

"లోపల్నుంచి తీయడం నా వల్ల కాలేదన్నా" అన్నాడు పిచ్చుక.