ముందు ఎవరు వెళ్ళాలి?

వెదురు అడవిలో ఒక పెద్ద చెట్టుకు రెండు తొర్రలుండేవి. పై తొర్రలో గుప్పెడంత చిలక, చెట్టు మొదట్లోని తొర్రలో కొండంత పాండా కాపురముండేవి. రెండూ తమవాళ్ళకు దూరంగా వచ్చి పిల్లల్ని పెంచుకుంటున్నవే.

ఒకనాడు చిలక కిందికి తొంగిచూసింది. పాండా గుండెల మీద బొచ్చులేని గులాబీరంగు పిల్ల ఒకటి కదులుతోంది.

"వదినా, ఆ పిల్ల ఎవరిది?"

"నాదే."

"ఇంత ఒంటికి అంత చిన్న పిల్లా? నా పిల్లలకన్నా ఓ పిసరు పెద్దది. ఎవరి గూట్లోంచి తెచ్చుకున్నావో."

పాండా బిడ్డ మీద అరచెయ్యి కప్పింది. "నీ ముక్కు వంకర చూస్తే నాకూ అనుమానమే. గద్ద మీకు చుట్టమా?"

ఇక చిలక మేతకు వెళ్ళలేదు. తను ఎగిరిపోతే పాండా చెట్టెక్కుతుందని భయం. పాండా కూడా కదల్లేదు. తను లేస్తే చిలక వచ్చి బిడ్డ మీద వాలుతుందని భయం. మర్నాటికి పైన పిల్లల అరుపులు సన్నగిల్లాయి. కింద పాండాకు పాలు తగ్గిపోయాయి.

"ఆకలేయడం లేదా వదినా? వెళ్ళి తినిరా," అంది చిలక.

"నువ్వు వెళ్ళు. నేనిక్కడే ఉంటాగా."

"అదే నా భయం."

చివరికి రెండూ ఒకేసారి బయల్దేరి ఒకే పొద దగ్గరికి చేరాయి. పాండా వెదురు గడ వంచి ఆకులు నమిలింది. అదే గడ మీద చిలక వెదురు బియ్యం ఏరుకుంది. ఏ ఒక్కటీ రెండోదాని మీంచి చూపు తిప్పలేదు.

అనుమానం తీరలేదు. పిల్లలకు మాత్రం ఆ పూట కడుపు నిండింది.