ఏలీషా చేర్చిన మాట

భూలక్ష్మి వ్యాన్ దిగనంటోంది. బట్టల మూట ఒళ్లో పెట్టుకుని, ఎలెన్ పక్కన కిటికీ సీటులో కూర్చుని, నేరుగా ముందుకే చూస్తోంది. ఎనిమిదేళ్ల పిల్ల. శేరిలింగంపల్లిలోని ఆ పిల్లల హోమ్‌లో అందరికంటే నెమ్మదస్తురాలని పేరు. అలాంటిది, ఆయా బాలమ్మ చెయ్యి పట్టి లాగేసరికి సీటు కమ్మీ పట్టుకుని బిగుసుకుపోయింది.

విదేశం నుంచి వచ్చిన చర్చి బృందానికి ఆ రోజు తిరుగు ప్రయాణం. పది రోజులు హోమ్‌లో ఉండి పిల్లలకు పాటలు నేర్పారు, తలలు దువ్వారు, గోడలకు రంగులు వేశారు. ఇక బేగంపేట వెళ్లి విమానం ఎక్కాలి. ఎలెన్ ఆ బృందంలో నడివయసు మనిషి, భూలక్ష్మి అంటే ప్రాణం పెట్టేసింది.

బాలమ్మ విసిగిపోయి, ముందు సీటులో ఉన్న ఏలీషా వైపు తిరిగింది.

“గామె తీస్కపోతనన్నదని నువ్వే చెప్తివి గద సారూ. మల్ల నేనెట్ల దింపాలె?”

ఏలీషా చటుక్కున తల ముందుకు తిప్పుకున్నాడు.

గుంటూరు వైపు నుంచి వచ్చి మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. సెలవు దొరికితే చాలు, సువార్త సభల్లో దొరల ప్రసంగాలను తెలుగులో చెప్పేవాడు. దొర ఒక మాట అంటే ఏలీషా మూడు చెప్పేవాడు. ఆ చేర్చిన రెండింటికే జనం కళ్లొత్తుకునేవారు. దొర కంటే మీరే బాగా చెప్పారండీ అని ఎవరైనా అంటే ఇక ఆయన కాళ్లు నేల మీద ఆనేవి కావు.

బృందం వచ్చిన కొత్తలోనే ఎలెన్ భూలక్ష్మిని దగ్గరికి తీసుకుంది. నిన్ను మర్చిపోను, నీ కోసం రోజూ ప్రార్థన చేస్తాను అంది. అంతే అంది. ఏలీషాకు అది మరీ చప్పగా అనిపించింది. తల్లి బొంబాయి కూలికి పోతూ వదిలి వెళ్లిన పిల్ల. మూడేళ్లుగా ఆమె జాడ లేదు. అలాంటి పిల్లకు ఇంత చిన్న మాటా? నేనే మీ అమ్మను, నిన్ను నాతో తీసుకెళ్తానంటోందని గొంతు వణికించి మరీ చెప్పాడు. పిల్ల ఎలెన్ మెడ కరుచుకుని ఏడ్చింది. ఎందుకో తెలియకుండానే ఎలెన్ కూడా ఏడ్చింది. బాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. చిన్నపిల్ల, నాలుగు రోజుల్లో మర్చిపోతుందిలే అనుకున్నాడు ఏలీషా. ఆ పూట అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఇప్పుడు ఎలెన్ ఏలీషా భుజం తట్టి, పిల్ల ఏమంటోందని అడిగింది.

నిజం చెబుదామనే నోరు తెరిచాడు. వ్యాన్‌లో అందరూ తననే చూస్తున్నారు. పది రోజులుగా తన అనువాదాన్ని దేవుడిచ్చిన వరమని మెచ్చుకున్న మనుషులు. మీతో కొంతదూరం రావాలని ఉందట అన్నాడు. ఎలెన్ పొంగిపోయింది. దానికేం, రానివ్వండి, తర్వాత మీరే వెనక్కి దిగబెట్టండి అంది. డ్రైవర్ ఐలయ్య వ్యాన్ పోనిచ్చాడు.

దారంతా పగలగొట్టిన బండలు, సగం వేసిన రోడ్లు. భూలక్ష్మి దేన్నీ వదలకుండా చూసింది. విమానంలో కిటికీలు ఉంటాయా అని ఏలీషాను అడిగింది. ఉంటాయమ్మా అన్నాడు. అక్కడ చలి ఎక్కువట కదా, అందుకే బాలమ్మ దగ్గర పాత స్వెట్టర్ అడిగి తెచ్చుకున్నానని చెప్పింది. ఏలీషాకు తన నాలుక తానే కోసుకోవాలనిపించింది. ఏం మాట అన్నాను, ఎవరితో అన్నాను అని లోపల కుమిలిపోయాడు.

మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి మేడ దగ్గర బృందం ఫోటోల కోసం దిగింది. ఇంతకంటే సమయం దొరకదు. ఏలీషా పిల్లను కాస్త ఎడంగా తీసుకెళ్లి, రోడ్డు పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. అంతమంది ముందు మైకులో మాట్లాడే మనిషికి, ఒక్క పిల్లతో మాట్లాడటానికి చెమటలు పట్టాయి.

“తప్పు నాదమ్మా. ఆంటీ నిన్ను తీసుకెళ్తానని అనలేదు. నేనే కలిపి చెప్పాను.”

“మల్ల ఏమన్నది?”

“నిన్ను మర్చిపోనంది. రోజూ ప్రార్థన చేస్తానంది.”

“గంతేనా?”

“అంతే తల్లీ.”

పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది ఏలీషాకు. దూరంగా ఎలెన్ చెయ్యి ఊపుతూ, ఫోటోకి రమ్మని ఇద్దరినీ పిలుస్తోంది. భూలక్ష్మి అటు చూడలేదు. మూటను రెండు చేతులతో గుండెకు అదుముకుని నిలబడింది.

ఆ మొహం చూడలేకపోయాడు. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలి. మాటలు చేర్చడం అలవాటైన నోరు మళ్లీ తెరుచుకుంది.

“నీకేం పోలేదమ్మా. హోమ్ ఉంది, బాలమ్మ ఉంది. చూస్తూ ఉండు, మీ అమ్మ కూడా ఏదో ఒక రోజు వచ్చేస్తుంది.”

భూలక్ష్మి తలెత్తి చూసింది.

“మొన్న మీరందరు ప్రార్థనల ఉన్నప్పుడు గేటు కాడికి వచ్చింది సార్. నాకు వేరే అమ్మ దొరికింది, నువ్వు ఇగ రాకు అని చెప్పి పంపిన.”