ఎంత లాగుతుందో, ఎలా లాగుతుందో

"ఏమ్మా, ఈ లోలకం ప్రయోగంతో గురుత్వాకర్షణ సంగతి తేలిపోయినట్టేగా?" అన్నారు జగన్నాథరావు గారు, ఊగుతున్న ఇత్తడి గుండును వేలితో ఆపుతూ.

"తేలలేదండి," అంది ఫిజిక్స్ లెక్చరర్ నాగదుర్గ.

ల్యాబులో అందరూ నోళ్లు తెరిచారు. జగన్నాథరావు గారు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్ద ప్రొఫెసరు. ఒక్క ల్యాబు బాగాలేదని ఆయన రాస్తే చాలు, భీమవరం శివార్లలోని ఈ చిన్న ఇంజినీరింగ్ కాలేజీకి ఈ ఏడాది అడ్మిషన్లుండవు. అడ్మిషన్లు లేకపోతే నాగదుర్గకి ఉద్యోగమూ ఉండదు. అవునండి అని తలూపితే పోయేదానికి ఎదురు చెప్పింది మహాతల్లి.

"తేలకపోవడమేంటమ్మా? పొద్దున తణుకు దగ్గర ఓ కాలేజీలోనూ ఇదే ప్రయోగం చూశాను. అక్కడా ఇదే జవాబు. వాళ్ల కెమిస్ట్రీ ల్యాబైతే ఎంత బాగుందో! సరే, మీదీ చూద్దాం, పదండి."

ప్రిన్సిపాల్ పల్లంరాజు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయినా సార్," నాగదుర్గ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "భూమి ఎంత లాగుతుందో ఈ గుండు చెప్పింది. ఎలా లాగుతుందో చెప్పలేదు కదండీ. థర్మామీటరు జ్వరం ఎంతో చెబుతుంది. ఎందుకొచ్చిందో చెప్పదు."

జగన్నాథరావు గారికి పౌరుషం వచ్చింది. సుద్దముక్క అందుకుని బోర్డు మీద రెండు సీసపు గుండ్లు గీశారు.

"నాలుగ్గోడల మధ్య ఇవి ఒకదాన్నొకటి లాక్కోవడం కొలిచారమ్మా!"

"కొలిచారండి. మధ్యలో ఏముందని లాక్కున్నాయి?"

"బరువు చుట్టూ స్పేస్ వంగుతుంది!"

"వంగుతుందని లెక్క కట్టారు. ఎందుకు వంగాలండి?"

బోర్డు నిండిపోయింది. కాఫీ వచ్చింది. మళ్లీ వచ్చింది. ఆయన రెండుసార్లు "పదండి" అన్నారు. రెండుసార్లూ ఆమె "అయినా సార్" అంది. నిజానికి ఆయనకి హుషారుగానే ఉంది. ఏ కాలేజీకెళ్లినా శాలువాలు కప్పేవాళ్లే తప్ప ఎదురు మాట్లాడేవాళ్లు దొరక్క ఎన్నాళ్లయిందో! పల్లంరాజు గారు మాత్రం కిటికీ దగ్గర ఫోన్ చూసుకుంటూ చెమటలు తుడుచుకుంటున్నారు.

ఆ ఫోన్ మోగింది. ఆయన కట్ చేసి గట్టిగా దగ్గారు.

నాగదుర్గ గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

"ఓడిపోయానండి. ప్రయోగమే అన్నీ వివరిస్తుంది."

నమ్మని మాట అన్నందుకు ఆమెకి నిజంగానే బాధేసింది.

జగన్నాథరావు గారు గెలిచిన ఉత్సాహంతో కెమిస్ట్రీ ల్యాబులోకి నడిచారు. బల్లల నిండా గాజు సామాను తళతళలాడుతోంది.

"అచ్చం తణుకు ల్యాబులాగే ఉందే! చూశావామ్మా, సైన్సు ఎక్కడైనా ఒకటే," అంటూ ఓ బీకరు ఎత్తారు. "ఇదేంటి, ఇంత చల్లగా ఉంది?"

"ఏసీ అండి," అన్నారు పల్లంరాజు గారు.

అదే సమయానికి వెనక గేటు దగ్గర రొయ్యల వ్యాను తలుపులేస్తూ డ్రైవరు, "మేడం గారు ఇంకో పావుగంట వాదించుంటే, తణుకు నుంచి తెచ్చిన సామాను మీద ఐసు తడి కూడా తుడిచి పెట్టేవాళ్లమండి," అన్నాడు అటెండరుతో.