నక్క పాత తొవ్వ

తెల్లారేసరికి కోళ్ళ గంప వెల్లకిలా పడుంది.

మీద పెట్టిన రాయి ఒక పక్క, గంప ఒక పక్క. ఎర్ర పెట్ట లేదు. మిగతావి సీతాఫలం చెట్టెక్కి బిక్కుబిక్కుమంటున్నాయి.

"అయ్యో నా తల్లీ!" అంటూ సౌభాగ్యమ్మ పెరట్లోనే కూలబడింది.

ఒక్క పెట్ట కోసం అంత ఏడుపా అనకండి. మొగుడు ఏలీయా క్షయతో మంచం పట్టాడు. రోజూ గుడ్డు పడితేనే ఒంట్లో సత్తువ, సత్తువుంటేనే డ్యూటీ అన్నాడు డాక్టరు. డ్యూటీ పోతే ఈ కంపెనీ క్వార్టరూ పోతుంది. ఉన్నదంతా ఊడ్చుకుని గోదావరి జిల్లా నుంచి పటాన్‌చెరు దాకా వచ్చినవాళ్ళు, మళ్ళీ ఏ గూటికి వెళ్తారు?

"ఏమైంది బిడ్డా?"

కంచె అవతల సంగప్ప. పేరు తప్ప ఆయన గురించి ఆమెకేమీ తెలియదు. రోజూ పొద్దున్నే ఇస్నాపూర్ వైపు నుంచి నడిచొస్తాడు. కంచె పక్కన పడున్న పొడుగాటి బండ మీద కూర్చుని, చుట్ట కాల్చుకుని పోతాడు. మంచినీళ్ళు కూడా అడగడు. ఆ బండకి రెండు కొసల్లోనూ గుండ్రటి గుంటలు. వాన కురిస్తే వాటిలో నిలిచిన నీళ్ళు కోళ్ళు తాగేవి.

"ఎవడో దొంగ వెధవ, తాతా! రాయి దింపి మరీ ఎత్తుకుపోయాడు."

సంగప్ప కంచె మీద నుంచి వంగి నేలకేసి చూశాడు.

"దొంగ గాదు, నక్క. మూతితోని నూకింది. సూడు, అడుగుల ముందట గోళ్ళ గీతలున్నయి. పిల్లి అయితే గోళ్ళు లోపలికి గుంజుకుంటది, గీత పడది. ముంగిస అయితే మెడ కొరికి ఈడ్నే పడేస్తది."

సౌభాగ్యమ్మకి ఏడుపులోనూ నవ్వొచ్చింది.

"బాగుంది! సైరన్లు, బస్సులు, రాత్రంతా లైట్లు. కంపెనీ మధ్యలోకి నక్కా?"

"కంపెనీ వచ్చిందని నక్కకేమెరుక బిడ్డా? ఇది దాని పాత తొవ్వ, ఎప్పటిసంది గీ దారినే తిరుగుతది. యాడ ఇడుస్తది?"

ముసలాడికి చాదస్తం అనుకుని ఆమె లోపలికి పోయింది. ఆ రాత్రి నుంచి గంప మీద ఇంకా పెద్ద రాయి పెట్టింది.

వారం తిరక్కుండానే నల్ల పెట్ట పోయింది.

ఈసారి సౌభాగ్యమ్మ తలుపు తీసేసరికి సంగప్ప కంచె లోపలే ఉన్నాడు. గంప దగ్గర వంగి ఉన్నాడు. చేతిలో నల్ల ఈక.

ఆమెకి ఒళ్ళు భగ్గుమంది.

"ఊరికే కూర్చుంటున్నావనుకున్నా. ఇందుకా రోజూ కాపు కాసేది! జబ్బు మనిషి నోటి దగ్గర కూడు లాక్కోడానికి నీకు చేతులెలా వచ్చాయయ్యా?"

ఏలీయా గోడ పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. "సౌభాగ్యం, పెద్దాయన. ఊరుకో."

"మీరుండండి!"

"నేను దొంగను గాను బిడ్డా. జాడ సూద్దామని వచ్చిన. ఈడ నాదేమున్నది ఇప్పుడు, ఎత్తుకపోతందుకు?"

"ఏమీ లేనిచోటికి రోజూ ఎందుకు దాపురిస్తావు మరి?"

సంగప్ప పెరటి మూలనున్న రాళ్ళ కుప్ప వైపు చెయ్యి చూపించాడు.

"గంపలు ఈడ పనికిరావు. గా కుప్ప కింద కోళ్ళ గూడున్నది, తీస్కో."

"నా పెరట్లో ఏముందో నువ్వు నాకు చెబుతావా? నడువ్!"

ఈకని బండ మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

పీడ విరగడైందనుకుంది సౌభాగ్యమ్మ. కానీ తొలకరి పడ్డ మర్నాడు మచ్చల కక్కెర పెట్ట కూడా పోయింది. తడి మట్టిలో అడుగులు అచ్చు గుద్దినట్టున్నాయి. ఒక్కో అడుగు ముందు గోళ్ళ గీతలు.

ఆమె వెళ్ళి కుప్పలోని రాళ్ళు ఒక్కొక్కటే తీయసాగింది. వద్దంటున్నా వినకుండా ఏలీయా కూడా ఒక చెయ్యి వేశాడు.

కుప్ప కింద నిజంగానే గూడుంది. రాతి గోడలు, గాలికి చిన్న కంతలు, దారికి అడ్డంగా దించే పలక. పలక దించి చూస్తే వేలు పట్టే సందు లేదు.

ఆ రాత్రి కూడా నక్క వచ్చింది. తెల్లారి చూస్తే పలక ముందు మట్టంతా గీకి ఉంది. లోపల కోళ్ళు మాత్రం కొక్కొక్కోమంటున్నాయి. ఉన్న నాలుగూ గుడ్లు పెట్టాయి. చలికాలం వచ్చేసరికి ఏలీయా సైకిలెక్కి డ్యూటీకి వెళ్ళాడు.

ఆ రోజే సౌభాగ్యమ్మ గుడ్లు గుడ్డలో మూటగట్టుకుని ఇస్నాపూర్ బయల్దేరింది. కాళ్ళు పట్టుకునైనా క్షమించమని అడగాలని దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

చౌరస్తాలో టీ కొట్టు చిన్నరాములు ఆమెని ఎగాదిగా చూశాడు.

"సంగప్పనా? లేడమ్మా. పోయిన అమాసకు కాలం జేసిండు. గాయనతోని నీకేం పని?"

సౌభాగ్యమ్మ బెంచీ మీద కూలబడింది. మూట ఒళ్ళో పెట్టుకుని జరిగిందంతా చెప్పింది. దొంగ అన్న మాటా దాచలేదు.

"అయినా నాకు తెలీకడుగుతాను, మా పెరట్లో ఆ రాళ్ళ కింద గూడుందని ఆయనకెలా తెలిసింది?"

చిన్నరాములు గ్లాసు కడగడం ఆపాడు.

"గా గూడు కట్టిందే గాయన, అమ్మా. మీ క్వార్టర్లు కట్టెటప్పుడు అన్నీ కూలగొడితే, రోజు పొద్దుగాల వచ్చి కూసునెటందుకు గాయనకు మిగిలింది గా ఒక్క బండనే, గది సంగప్ప ఇంటి గడప."