రాళ్ల పెట్టెలో గాలి

శేషారత్నం వంకాయలు తరుగుతుంటే గోడలోని కాపలా యంత్రం పలికింది. "ఓడెక్కబోతున్న మీ పెట్టెలో గాలి చెడుతోంది. సరుకు నల్లరాయి పలకలు, నష్టమేమీ లేదు. ఈ హెచ్చరిక మూసెయ్యమంటారా?"

ఓడల్లో సరుకు వెళ్లే గదులంత ఇనప పెట్టెలకు ఇంట్లోంచే కాపలా కాయడం ఇప్పుడు వీధివీధికీ ఉద్యోగం. వంట చేసుకుంటూనే చెయ్యొచ్చు. ఓడ ఆలస్యమైతే మాత్రం ఆ ఉద్యోగం ఊడుతుంది.

"మూసెయ్యవే! రాళ్లకు గాలెందుకు?" అన్నాడు భర్త బ్రహ్మయ్య.

ఆమె కత్తిపీట పక్కకు నెట్టింది. రాయి గాలిని పాడుచెయ్యదు. ఆమె పుట్టింది చీమకుర్తి క్వారీల పక్కనే. అక్కడ ఎండ మండిపోతుంటే కూలీలు పెట్టెలో దూరి, చల్లటి పలకల మీద నడుం వాలుస్తారు. తలుపులేమో ఈమధ్య వాటంతటవే మూసుకుంటున్నాయి.

"నా మాట పెట్టెలోకి వినిపించు," అంది. "ఎవరయ్యా లోపల?"

 పెట్టెలోంచి ఓ మగగొంతు నీరసంగా, "అమ్మా... తలుపు..."

"ఓడ ఆపు! తలుపు తియ్యి!"

"సరుకు జాబితాలో మనిషి లేడు," అంది గోడ తాపీగా. "ఆలస్యానికి కారణం చెప్పండి."

బ్రహ్మయ్య వద్దన్నట్టు చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది.

"కారణం నేనే. నా పేరు రాసుకుని తలుపు తియ్యి."

ఇనప తలుపు కిర్రుమంది. ఎవరో ఆబగా గాలి పీల్చుకుంటున్న చప్పుడు వంటిల్లంతా నిండింది.