మూడో సర్వర్

“తప్పు దొరికిందన్నా,” అన్నది నవనీత ఫోన్‌ల. రక్తనిధుల యాప్‌ను ఆమె చిట్యాలల ఇంటి నుంచే చూసుకుంటది. అవతల కోస్గి వీరేశం, ఎండకాలంల ఫిర్యాదు రాసినాయన.

“ఏ ఊర్ల ఎంత రక్తం ఉన్నదో మూడు సర్వర్లల ఉంటది. రక్తం అయిపోయినంక కూడ ఒక దాంట్ల పాత లెక్కనే మిగిలింది. అందుకే ఒకపారి లేదంటది, ఇంకోపారి ఉన్నదంటది.”

“అంటే ఆనాడు పాలమూరుల రక్తం ఉన్నదని నా ఫోన్‌ల వచ్చిన మాట నిజమే గదా?”

“నిజమే అన్నా, మా యాప్ అట్లనే చూపెట్టింది.”

“అది చూసే నా భార్యను పాలమూరు తీస్కపోయిన. ఆడ లేదన్నరు. హైదరాబాద్ తొవ్వల పానం పోయింది. మీరేమో అంతా సరిగనే ఉన్నదని జవాబు పంపిండ్రు. ఫోన్ సరిగ చూడకుంట తిప్పి తిప్పి తన బిడ్డను నేనే చంపిన్నని, అప్పటిసంది మా అత్త నా మొఖం చూస్తలేదు.”

“ఆ జవాబు నేనే రాసిన. రెండుసార్లు చూసిన, రెండుసార్లూ సరిగనే వచ్చింది. మూడోసారి చూడలే.”

అతను తిట్టలేదు. నడుస్తున్న చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినిపించినయి.

“అత్తా, గీ ఫోన్ జర పట్టు,” అన్నడు వీరేశం. “గీ పిల్ల నీకొక ముచ్చట చెప్తది.”